ఉప్పు తేలిన బండి

నాకు అనుమానం ఎక్కువ. గొప్ప చెప్పుకోవడానికి అనడం లేదు, నా బతుకుతెరువే అలాంటిది. ముత్తుకూరు దాటి సముద్రం వైపు పోయే దారిలో, రొయ్యల గుంటల మధ్య ఒక కూడలిలో, రెండు గదుల ల్యాబు నాది. రైతులు సీసాల్లో నీళ్ళు, ప్లాస్టిక్ కవర్లలో రొయ్యలు తెచ్చి నా బల్ల మీద పెడతారు. వాటితో పాటు ఒక అబద్ధం కూడా తెస్తారు. "మేత కొలత ప్రకారమే ఏస్తా ఉండాం అన్నా" అంటాడొకడు. సీసా మూత తీస్తే కుళ్ళిన మేత కంపు ముక్కు పగలగొడుతుంది. "పక్క గుంట నీళ్ళు మా గుంటలోకి ఒక్క చుక్క రాలా" అంటాడింకొకడు. పక్క గుంటకొచ్చిన జబ్బే ఇతని కవర్లోనూ ఈదుతూ ఉంటుంది.

అందుకని నేను మనిషి మాట వినను, నీళ్ళ మాట వింటాను. ఒక చుక్క నాలుక మీద వేసుకుంటే ఉప్పు పది ఉందో ఇరవై ఉందో చెప్పేస్తాను. ఆ తర్వాత మీటరు పెట్టి చూస్తే ఒకటో రెండో తేడా, అంతే. "అన్న నాలుకకి కరెంటు కూడా అక్కర్లేదు" అని రైతులు ఎగతాళి చేస్తారు.

నాలుక నాదైతే కన్ను మా ఆవిడది. మా మేనమామ కూతురే. నాతో పాటు చదువుకుంది, నాకంటే బాగా చదువుకుంది. మైక్రోస్కోపు మీద కన్ను పెట్టిందంటే, జబ్బు ఇంకా పైకి తేలక ముందే పట్టేస్తుంది. గుంట గట్టు మీదే పెట్టె తెరిచి, అప్పుడే వలతో తీసిన రొయ్యని కోసి చూసి, "ఇంక వారం ఆగబాకండి, పట్టేసుకోండి" అంటే రైతులు మారుమాట లేకుండా పట్టేసుకుంటారు. నేను అదే మాట చెబితే ఇంకో ల్యాబుకి పోయి అడిగి వస్తారు.

మా వైపు చలికాలమంటే స్వెట్టర్లు వేసుకునే చలి కాదు. కార్తీకం నుంచి ఒకదాని వెంట ఒకటి వాయుగుండాలు, రోడ్డేదో గుంటేదో తెలియకుండా నీళ్ళు, తెల్లవారుజామున ఈదురుగాలి. గుంటల్లో నీళ్ళు చల్లబడితే రొయ్యకు తెల్లమచ్చల జబ్బు లేస్తుంది. సరిగ్గా అప్పుడే మాకు చేతినిండా పని. అలాంటి ఒక చలికాలం పొద్దున, నేను బైకు తోలుతూ, ఆమె వెనక మైక్రోస్కోపు పెట్టె ఒళ్ళో పెట్టుకుని, ఒక కల్వర్టు దగ్గరికి వచ్చాం. రోడ్డు మీద మోకాటి లోతు నీళ్ళు.

"బావా, ఎడం పక్క రోడ్డు కోసకపోయింది. కుడి పక్కన పో. నిన్న నడిచి చూసినా" అంది.

కుడి పక్కన నీళ్ళు సుడి తిరుగుతున్నాయి. ఎడం పక్క అద్దంలా ఉంది. నేను నా కళ్ళను నమ్మాను. ఎడం పక్కకి పోయాను. పది అడుగులు కూడా పోలేదు, ముందు చక్రం పాతాళంలోకి దిగినట్టు దిగింది. నేను ఎగిరి నీళ్ళలో పడ్డాను, బైకు వెళ్ళి ఆమె కాలి మీద పడింది. తొడ ఎముక రెండు ముక్కలైంది. నెల్లూరు తీసుకుపోతే లోపల రాడ్డు వేశారు. మైక్రోస్కోపు పెట్టెని మాత్రం ఆమె చివరిదాకా తల మీద ఎత్తి పట్టుకునే ఉంది.

ఎముక అతుక్కుంది. కొంచెం కుంటుతూ నడవడం మొదలుపెట్టింది. కానీ గుంటల మీదికి రమ్మంటే రాలేదు. "బైకెక్కను" అంది, అంతే. నీళ్ళు నిలిచిన రోడ్డు మీదికి ఆటోవాళ్ళు రారు. రొయ్యల్ని నేనే ఐసు పెట్టెలో ఇంటికి తెచ్చేవాణ్ణి. దారిలోనే అవి చచ్చి మెత్తబడిపోయేవి, ఆమె చూసి పెదవి విరిచేది. ఒకసారి నేనే గట్టు మీద చూసి, జబ్బు లేదు పొమ్మన్నాను. ఐదో రోజుకి ఆ గుంటలో రొయ్య మొత్తం చచ్చి తేలిపోయింది. ఆ రైతు నన్ను తిట్టలేదు. "అక్క వచ్చుంటే బాగుండేదన్నా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ రోజు ఇంటికొచ్చి అడిగాను, నాలుగు చక్రాల బండి కొంటే వస్తావా అని. చాలాసేపు నా మొహం చూసింది. "కొను, చూద్దాం" అంది. అంటే వస్తుందన్నమాట. మళ్ళీ వానలు దిగేలోపు ఆమెను గుంటల మీద నిలబెట్టాలి. నాకు ఇంక వేరే ధ్యాస లేదు.

మామూలు కారు మాకు పనికిరాదు. ఐసు పెట్టె, మైక్రోస్కోపు, బ్యాటరీ, సున్నం బస్తాలు, ఖనిజాల బస్తాలు, అప్పుడప్పుడు రిపేరుకి ఎవరిదో గుంటలో గాలి కలిపే మోటారు. ఇవన్నీ డిక్కీలో పట్టవు. సరుకు ఆటో అయితే ఆమె కాలికి కుదుపు. అందుకని పొడుగు బండి కావాలి. ఎస్టేట్ కారు అంటారే, వెనక డిక్కీ వేరుగా లేకుండా పైకప్పు చివరిదాకా ఒకటే సాగి, వెనక సీటు మడిస్తే మంచం పరిచినంత జాగా వచ్చేది. కింద ఎత్తుండాలి, ఇంజను గాలి పీల్చుకునే గొట్టం ఇంకా ఎత్తులో ఉండాలి. అలాంటివి ఇప్పుడు కొత్తవి పెద్దగా రావడం లేదు. పాతదే చూసుకోవాలి.

పాత బండి అంటే నాకు ఇంక పండగే. అనుమానపడ్డానికి ఎంత జాగా!

మొదటిది నెల్లూరులో, పాత బండ్లు అమ్మే యార్డులో చూశాను. తలుపు తీయగానే గుప్పుమని మల్లెపూల సెంటు. బండికి సెంటెందుకు? మనిషి ఎందుకు పూసుకుంటాడో అందుకే. కింద పరిచిన మ్యాట్లు సరికొత్తవి. లేపి చూడబోతే యార్డతను "అది అతికించుండాదండి" అని చెయ్యి పట్టుకున్నాడు. వరదలో మునిగిన బండ్లని కడిగి, ఆరబెట్టి, సెంటు కొట్టి అమ్ముతారని నాకు తెలియదా? నేను సీటు బెల్టుని చివరంటా బయటికి లాగాను. బండి మునిగితే ఆ చుట్టలో అడుగున బురద గీత ఉండిపోతుంది, దాన్ని ఎవడూ కడగడు. ఉంది గీత. బురద రంగులో, నా వేలంత వెడల్పున. దాన్ని అతనికి చూపించి, నమస్కారం పెట్టి వచ్చేశాను. ఆ రోజంతా నాకు భలే హుషారుగా ఉంది.

రెండోది ముత్తుకూరులో, కరెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయనది. మీటరు చూస్తే బండి ఇంట్లోంచి కదలనేలేదన్నట్టు ఉంది. బ్రేకు పెడల్ రబ్బరు చూస్తే అరిగి నున్నగా అయిపోయింది. "మా డ్రైవరు కాలు బరువండి" అన్నాడాయన. బ్రేకు నొక్కే కాలు బరువే అనుకుందాం, మరి క్లచ్చు నొక్కేది రెండో కాలు కదా? ఆ క్లచ్చు కూడా అరిగింది. అలాంటివి ఇంకో నాలుగు చూశాను. ఒకదాని పేపర్ల మీద అనుమానం, ఒకదాని పొగ మీద, ఒకదాని ఓనరు నవ్వు మీద.

"నీకు నచ్చే బండి ఇంకా పుట్టలేదు బావా" అంది మా ఆవిడ. మబ్బులు పట్టే రోజులు దగ్గరపడుతున్నాయి.

అప్పుడు తెలిసింది, సముద్రం ఒడ్డు పల్లెలో ఒక పాస్టరుగారి దగ్గర పొడుగు బండి ఉందని. ఊళ్ళో అందరూ ఆయన్ని అయ్యగారు అంటారు. పెద్దాయన. చూపు తగ్గిందట. "ఎదురొచ్చే బండి రెండుగా కనపడతా ఉంది నాయనా. ఇంక నేను తోలితే నాకూ మంచిది కాదు, ఎదురొచ్చేవాడికీ మంచిది కాదు" అన్నాడు నవ్వుతూ. అమ్మే కారణం అంత శుభ్రంగా చెప్పేసరికి నాకు మొదటి అనుమానం అక్కడే మొదలైంది.

ఇద్దరం కలిసే పోయాం, మా ఆవిడా నేనూ. ఆమె బండి చుట్టూ ఒకసారి తిరిగి, వెనక తలుపు ఎత్తి, సీటు మడిచి చూసి, "బాగుండాది" అంది. నేను కింద పడుకుని చూశాను, బానెట్ ఎత్తి చూశాను. ఇంజను చిన్నపిల్లాడి గుండెలా కొట్టుకుంటోంది. ముందు బెల్టులు లాగాను, గీత లేదు. వెనకవి లాగాను, గీత లేదు. సెంటు లేదు. మీటరుకీ పెడల్ రబ్బరుకీ సరిపోయింది. నాకు ఏమీ దొరకలేదు. ఎక్కడా ఏమీ దొరకకపోతే మనసు ఎట్లా ఊరుకుంటుంది?

ముందు మ్యాట్లు లేపాను, కింద శుభ్రం. వెనక మ్యాటు లేపాను. తెల్లగా పొడి.

వేలుకి అద్దుకుని నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు. వంటింటి ఉప్పు కాదు, చివర్లో చేదు తగిలే సముద్రపు ఉప్పు. మ్యాటు కింద రేకు అక్కడక్కడా తుప్పు పట్టి లేచింది. వెనక సీటు గుడ్డ మీద కూడా అట్టలు కట్టింది. అయ్యగారు చూడకుండా చిటికెడు కాగితంలో పొట్లం కట్టుకున్నాను. మా ఆవిడ చూసింది, తల పక్కకి తిప్పుకుంది.

ల్యాబులో ఆ పొడిని మంచినీళ్ళలో కలిపి మీటరు పెట్టాను. ముల్లు చూడక్కర్లేదు, నాకు ముందే తెలుసు. సీసా మీద చీటీ కూడా అంటించాను, రైతుల సీసాలకి అంటించినట్టే. మరుసటి రోజు ఒక్కణ్ణే పోయి, అయ్యగారి వరండాలో బల్ల మీద ఆ సీసా పెట్టాను.

"అయ్యగారూ, మీ బండి సముద్రంలో మునిగింది" అన్నాను.

టీ తెస్తున్న ఆయన భార్య గుమ్మంలోనే ఆగిపోయింది. ఆయన ముందు నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి మొహం చిన్నబుచ్చుకున్నాడు. పెద్దవాణ్ణి పట్టుకుని దొంగ అన్నట్టే కదా నేనన్న మాట. సీసా ఎత్తి కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చీటీ చదివే ప్రయత్నం చేశాడు.

"సముద్రం బండిలోకి రాలేదు నాయనా, మనుషుల బట్టల్లో వచ్చింది" అన్నాడు. "మేము బాప్తిస్మం ఇచ్చేది సముద్రంలోనే. ఒడ్డున ఆడవాళ్ళు చీర మార్చుకునేదానికి మరుగు లేదు. తడి బట్టలతోనే బండెక్కించుకుని గుడి కాడికి తీసుకొస్తాను. గోతాలు పరుస్తాను గానీ, యాడ ఆగతాది నీళ్ళు? ఎన్నేళ్ళ నుంచో ఇదే పని."

మాట కుదిరింది. మరీ బాగా కుదిరింది. ముందు సీట్ల దగ్గర ఉప్పెందుకు లేదో కూడా దాంతో తేలిపోయింది. ఇంత చక్కగా కుదిరే మాట ఎవరైనా ముందే సిద్ధం చేసుకుంటే తప్ప చెప్పగలరా? టీ తాగకుండానే లేచి వచ్చాను.

ఇంట్లో జరిగింది చెబితే మా ఆవిడ కడుపు మండిపోయింది. "సీసాకి చీటీ గూడా అంటించుకుని పోయినావా? ఆ పెద్దాయన ముందర పెట్టినావా?" అని రెండుసార్లు అడిగింది.

మంగళవారం మా వీధిలోకి చేపలమ్మే అక్క వచ్చింది. ఆమెది అయ్యగారి పల్లే, అయ్యగారి సంఘమే. మా ఆవిడ అరుగు మీద కూర్చుని చేపలు ఏరుతూ అడిగిందట. ఆ అక్క బాప్తిస్మం తీసుకున్న రోజున అయ్యగారి బండిలో వెనక, ఇంకో నలుగురితో కలిసి, చీర నీళ్ళు కారుతూ కూర్చుని వచ్చిందట. సీటంతా చెరువైపోయిందని అందరూ నవ్వుకున్నారట. నేను మధ్యాహ్నం అన్నానికి కూర్చుంటే మా ఆవిడ ఇదంతా చెప్పి, "అయ్యగారు చెప్పింది నిజమే బావా. నాకు ఆ బండి నచ్చింది. పోయి తీసుకురా" అంది.

"ఆమె వాళ్ళయ్యగారి మీద వేరేగా చెబుతుందా?" అన్నాను.

ఆమె గిన్నెలు ఎత్తేసింది. నేను అన్నం ఇంకా తినలేదు.

ఆదివారం పొద్దున్నే బైకేసుకుని సముద్రానికి పోయాను. ఆ రోజు బాప్తిస్మాలున్నాయని కూడలిలో ఎవరో అనగా విన్నాను. ఇసకలో బోర్లించిన ఫైబరు పడవ వెనక నక్కి కూర్చున్నాను. సిగ్గులేని పని అని అప్పుడే తెలుసు. అయినా కూర్చున్నాను. తెల్లబట్టలు కట్టుకున్న ఏడెనిమిది మంది ఒడ్డున నిలబడి పాడుతున్నారు. అయ్యగారు నడుము లోతు నీళ్ళలో ఉన్నాడు. అల వచ్చినప్పుడల్లా పక్కనున్నతను ఆయన మోచెయ్యి పట్టుకుంటున్నాడు. ఒక్కొక్కరే లోపలికి పోవడం, మునగడం, దగ్గుతూ లేవడం. ఒక ముసలామె లేచాక నిలబడలేక ఆయన భుజం మీదే వాలిపోయింది. తర్వాత అందరూ వణుకుతూ వచ్చి బండెక్కారు. ఆయన గోతాలు పరిచాడు, నీళ్ళలో ఆయన మోచెయ్యి పట్టుకున్నతను స్టీరింగు ముందు కూర్చున్నాడు. బండి కదిలితే వెనక తలుపు సందులోంచి నీళ్ళు ధారగా కారాయి.

బండి పోయాక నేను లేచి, అది ఆగిన చోటికి నడిచాను. తడి ఇసకలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. చెప్పడానికి తల కొట్టేసినట్టుంది గానీ, అదీ చేశాను. ఉప్పే. చివర్లో చేదు.

ఎగురుకుంటూ ఇంటికి పోయాను. ఆమె కాలు చాపుకుని కూరగాయలు తరుగుతోంది. "అయ్యగారు చెప్పింది అక్షరాలా నిజం! నా కళ్ళతో చూసొచ్చాను. బండికి ఏ దోషమూ లేదు. రేపే తెచ్చుకుందాం" అన్నాను. పరీక్ష పాసైనవాడిలా నిలబడ్డాను.

ఆమె కత్తిపీట పక్కకి జరిపింది.

"ఈ మాట నేను మంగళారమే చెప్పినా కదా బావా."

"చెప్పావనుకో. ఒకసారి చూసుకుంటే పోయేదేముంది?"

"అయ్యగారు చెప్పినాడు, నమ్మలా. ఆ యక్క చెప్పింది, నమ్మలా. సరే, వాళ్ళు పరాయివాళ్ళు. నేను చెప్పినా, నమ్మలా." ఆమె గొంతు పెంచలేదు. "ఆ పొద్దు కల్వర్టు కాడ గూడా నేను చెప్పినా. నడిచి చూసొచ్చి చెప్పినా. నాకు బైకంటే భయమని నువ్వు ఊరంతా బండ్లు ఎతుకుతా ఉండావు. నాకు రెండు చక్రాలంటే భయం లేదు, నాలుగు చక్రాలంటే భయం లేదు. తోలేవాడంటే భయం."

ఇన్ని నెలలు ఇంజన్లు విన్నాను, రేకులు తట్టాను, మ్యాట్లు లేపాను. ఆమె ఎందుకు రానంటుందో ఒక్కసారి కూడా ఆమెనే అడగలేదు. అడిగితే ఏం చెబుతుందో నాకు లోలోపల తెలుసు, అందుకే అడగలేదేమో. నా మీద నాకు అసహ్యం వేసింది.

"మరి ఇంక రావా?" అన్నాను.

"వస్తా. రొయ్యలేం పాపం చేసినాయి, ఆ రైతులేం పాపం చేసినారు? బండి తీసుకురా, వస్తా" అని మళ్ళీ కత్తిపీట ముందుకి లాక్కుంది.

మరునాడు ఇద్దరం పోయాం. నేను అయ్యగారి ముందు చేతులు కట్టుకుని, తప్పయిందని చెప్పాను. ఆయన అవన్నీ గుర్తుపెట్టుకునే మనిషి కాదు. ఆయన భార్య గుర్తుపెట్టుకుంది, నాకు టీ ఇవ్వలేదు, మా ఆవిడకి ఇచ్చింది. తాళాలు నా చేతిలో పెట్టి, ఆయన మా ఆవిడ వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు గూడా ఒకసారి చూసుకో. ఏదన్నా అనుమానం ఉంటే ఇప్పుడే అడుగు."

"బండి మీద నాకు ఏ అనుమానమూ లేదు అయ్యగారూ" అంది.

నేను ముందు సీటు ఎడమ తలుపు తీసి పట్టుకున్నాను. ఆమె నన్ను దాటుకుని, కుంటుకుంటూ పోయి, వెనక తలుపు తీసుకుని కూర్చుంది.

వారం తిరక్కుండానే వానలు దిగాయి. బండి బంగారం, ఒక్క రోజు కూడా మొరాయించలేదు. ఆమె గట్ల మీద గొడుగు కింద పెట్టె తెరుచుకుని కూర్చుంటే, రైతులు చుట్టూ చేరి నేనొకణ్ణి ఉన్నట్టే మరిచిపోయేవారు. ఆ చలికాలం ఆమె చూసిన గుంటల్లో ఒక్కటి కూడా చెప్పాపెట్టకుండా తేలిపోలేదు. నీళ్ళు కమ్మిన రోడ్డు వచ్చినప్పుడు, వెనక నుంచి ఆమె ఎటు పొమ్మంటే అటు పోతాను. దిగి చూడను. చెయ్యి తలుపు గడియ మీదికి పోతుంది, అయినా దిగను. గట్టెక్కాక అద్దంలో ఒకసారి ఆమెను చూసుకుంటాను, ఆమె కిటికీ బయటికి చూస్తూ ఉంటుంది.

రెండు చలికాలాలు గడిచాయి. నా పక్క సీటు మీద ఎప్పుడూ ఏదీ పెట్టను, ఖాళీగా ఉంచుతాను. వచ్చి కూర్చోమని అడగాలని ఉంటుంది, ధైర్యం చాలదు. కొత్తగా వచ్చిన రైతు ఎవరైనా, "అక్క వెనకెందుకు కూర్చుంటదన్నా?" అని అడుగుతాడు. కాలు చాపుకోవడానికి వీలుగా ఉంటుందని చెబుతాను. వాళ్ళు నమ్ముతారు.